మేజోడులో ముడి

చక్కెర జబ్బు వచ్చిన పదిహేనేళ్ళకు మా ఆవిడకు ముందు కళ్ళు మసకబారాయి, తర్వాత పాదాలకు స్పర్శ పోయింది. గౌలిపుర సందులో ఒక కాలి చెప్పు ఎక్కడో జారిపోతే, అది తెలియకుండానే ఇంటిదాకా నడిచొచ్చిన రోజు కూడా ఉంది. డాక్టరు ఆమె పాదాలు తిప్పి చూసి, "లోపల కుట్టు ఒత్తని సాక్సులు వెయ్యండి. పుండు పడ్డా ఈమెకు నొప్పి తెలియదు, మీరే చూసుకోవాలి," అని నాతో అన్నాడు.

బజారులో దొరికే సాక్సులకు వేళ్ళ దగ్గర అడ్డంగా కుట్టు ఉంటుంది. అది లేకుండా గుండ్రంగా అల్లడం ఆమెకు వచ్చు. ఒక బడిలో ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు కుట్లూ అల్లికలూ నేర్పిన మనిషి. ఇప్పుడు సూది మొన కనిపించదు.

"నువ్వు అల్లు. నేను చెప్త," అంది.

నేను బస్ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఊలు కొనడానికి చార్మినార్ వెనక సందులోకి వెళితే దుకాణం ముసలాయన నా చేతులు చూసి, "కౌన్ బునేగా, భాయ్?" అని అడిగాడు. ఎవరు అల్లుతారని. నేనే అంటే నవ్వలేదు. మెత్తటి ఊలు ఏరి ఇచ్చాడు.

నాలుగు సూదులు. మూడింటి మీద కుట్లు ఎక్కించి, ముక్కోణంగా కలిపి, నాలుగో దానితో చుట్టూ తిరుగుతూ అల్లాలి. మొదటిసారి నాలుగు వేళ్ళ పొడవు అల్లి గర్వంగా ఆమె చేతిలో పెట్టాను. వేళ్ళతో అంచు వెంట ఒక చుట్టు తడిమి చూసింది.

"మెలి పడ్డది. ఇప్పెయ్."

"అంతానా?"

"మెలి మీద ఎంత అల్లినా మెలి పోదు. కలిపేటప్పుడే కుట్లన్నీ ఒక దిక్కు ఉన్నయా లేదా చూసుకోవాలె."

ఇంకో రోజు ఒక కుట్టు సూది మీద నుంచి జారి, వరస తర్వాత వరస ఊడుతూ నిచ్చెనలా కిందికి దిగింది. కంగారుపడి అంతా విప్పబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "గట్ల ఆగం కాకు. కొక్కెం సూది తీస్కో. కింద కుట్టును పట్టుకో, పైనున్న దారాన్ని దాంట్లకెళ్లి గుంజు. ఒక్కో మెట్టు ఎక్కుకుంట రా." ఎక్కించాను. జారిన చోటు మళ్ళీ నాకే దొరకలేదు. సూదికీ సూదికీ మధ్య సందులు పడుతుంటే, సూది మారినప్పుడు మొదటి రెండు కుట్లు గట్టిగా లాగమంది. ఆ మధ్యాహ్నాలు మేమిద్దరం చాలా మాట్లాడుకున్నాం. నలభై ఏళ్ళ కాపురంలో నేను ఆమె పనిని అంత దగ్గరగా చూసింది లేదు.

ఒక విషయం మాత్రం మొదటి రోజే చెప్పింది: ఊలు అయిపోతే ముడి వెయ్యొద్దు. కొత్త పోగును పాతదాని పక్కన పెట్టి, రెండూ కలిపి కొన్ని కుట్లు అల్లితే అవే పట్టుకుంటాయని.

రెండో మేజోడు వేళ్ళ దాకా వచ్చాక ఊలు అయిపోయింది. రెండు పోగులూ కలిపి పట్టుకుంటే నా మొద్దు వేళ్ళలో అవి నిలవలేదు. డిపోలో తాడుకైనా తీగకైనా బతుకంతా ముడిని నమ్మినవాణ్ణి. ముడి వేశాను.

మర్నాడు పొద్దున బాగా చలి. ఆమె పాదాలు మంచులా ఉన్నాయి. తొడగబోతుంటే, "ఇటియ్యి, లోపల చూస్త," అంది. ప్రతిదీ తిరగేసి తడమనిదే వేసుకునేది కాదు.

"నేను చూసిన. మంచిగనే ఉంది," అన్నాను.

ఊరికే అన్నాను. తొందరలో అన్నాను. ఆమె కాలు చాపింది.

మూడో రోజు విప్పితే, చిటికెన వేలు పక్కన ఊలు తడిగా అంటుకుని ఉంది. తిరగేశాను. జొన్నగింజంత ముడి. పుండు మానలేదు. వేలు నల్లబడింది. ఆ నెల దాటకముందే ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు.

కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టాక ఆమె ఆ మేజోడు తెమ్మంది. తెచ్చాను. లోపలికి చెయ్యి పెట్టి వేళ్ళు ఒక చోట ఆపింది.

"ముడేసినవు."

"ఏసిన."

అటు తిరిగి పడుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చునే ఉన్నాను. మూడో రోజు మా బిడ్డ వచ్చి, అసలు పుండు ఎలా పడిందని అడిగితే, "ఏదో పురుగు కుట్టినట్టుంది బిడ్డా, నాకేం తెలుస్తది," అని చెప్పింది. బిడ్డ వెళ్ళిపోయాక నా వైపు తిరిగింది.

"దానికి చెప్పకు. నిన్ను చూసినప్పుడల్లా గదే యాదికొస్తది దానికి."

ఇంటికొచ్చాక ఆ మేజోడును మడమ దాకా విప్పించింది. ఆ పాదానికి ఇప్పుడు పొడవు తక్కువ, ఒక పక్క వాలు. ఎక్కడ ఎన్ని కుట్లు తగ్గించాలో కట్టు మీద వేళ్ళు ఆనించి లెక్క చెప్పింది. పోగులు కలిపే చోట నా వేళ్ళ మీద తన వేళ్ళు వేసి పట్టుకుంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆమెకు కనిపించదు కదా అనుకున్నాను. "ఊలు తడుస్తది," అంది.

ఏడాదిన్నర బతికింది. చివరికి కిడ్నీలు పోయాయి.

మా బిడ్డ రెండు సందుల అవతలే ఉంటుంది, ప్రతి ఆదివారం వస్తుంది. సంవత్సరీకం అయిన తర్వాతి ఆదివారం, ఏదో మాటల్లో, "ఆ పురుగు కుట్టకపోతే అమ్మ ఇంకొన్నేండ్లు నడిచేది బాపూ," అంది.

చెప్పేశాను. ముడి సంగతి, నేను చూశానని అబద్ధమాడిన సంగతి.

బిడ్డ చేతిలోని చాయ్ కింద పెట్టింది. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"మీ అమ్మ వద్దన్నది."

"మరి ఇప్పుడెందుకు చెప్పినవ్?"

పెట్టిన చాయ్ తాగకుండానే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం వచ్చింది. కూర గిన్నె వంటింట్లో పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ మాట నేనెత్తలేదు, తనూ ఎత్తలేదు. ఇద్దరం అన్నం తిన్నాం.