చీటీ లేని గోలీలు

బస్సులో ఒక డాక్టరు దగ్గరికి బయలుదేరి, పోలీసు జీపులో ఇంకో డాక్టరు దగ్గర తేలిన మొనగాడిని నేను. ఆ ఘనకార్యం చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

అన్నల, అంటే నక్సలైట్ల, రోజులవి. సిరిసిల్లలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాణ్ని. ఒకదాని మీద పోగు తెగితే నేను ఇంకోదాని మోత వింటూ నిలబడేవాణ్ని. గుడ్డ మూరలకొద్దీ ఖరాబయ్యేది.

"ఇంకోపారి గిట్లయితే పని బందు వెడ్త" అన్నాడు ఆసామి, అంటే సాంచాల యజమాని.

పని పోతే పొయ్యి వెలగదు. సర్కారు దవాఖానకు పోతే పిచ్చోడని పేరొస్తుందని భయం. అందుకే ఎవరికీ చెప్పకుండా కోరుట్లలో ఒక ప్రైవేటు నరాల డాక్టరును పట్టుకున్నాను. నేను కూర్చునేలోపే ఆయన రోగం కనిపెట్టాడు! ఇంగ్లీషులో బారెడు పేరు చెప్పి, ఆరు నెలలకు సరిపడా మందు గోలీలు సంచిలో పోశాడు.

"మందుల చీటీ రాయరా సారూ?"

"నా మీద నమ్మకం లేదా?"

ఉందన్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

తిరిగి వస్తుంటే జగిత్యాల దగ్గర పోలీసులు బస్సు ఆపి సోదా చేశారు. సంచి నిండా మందులు కనిపిస్తే, అవి అడవిలోని అన్నలకేనని అనుమానించే కాలం. నన్ను ఠాణాకు తీసుకుపోయి ఎస్సై ముందు నిలబెట్టారు.

"ఎవలికి తీస్కపోతున్నవ్?"

"నాకే సార్."

"రోగం పేరేంది?"

"డాక్టర్ చెప్పిండు సార్. గప్పుడు గోడమీది బల్లిని చూస్తున్న."

"డాక్టర్ పేరు?"

"బోర్డు మీద ఉండె సార్."

"దినానికెన్ని గోలీలు?"

"సార్, మీ ఫ్యాన్ నట్టు లూజైంది."

నా నోరు ఆగలేదు. ఎస్సై నన్ను ఎగాదిగా చూసి పగలబడి నవ్వాడు.

"గీయన్ని నమ్మి మందులు తెప్పించుకుంటే దళమంత జరంతోనే పంటది. దవాఖానకు తీస్కపోండ్రి!"

సర్కారు డాక్టరు గోలీలు చూసి తల పట్టుకున్నాడు. "ఇవి నిద్ర గోలీలయ్యా! మింగి సాంచాల నడుమ నిలబడితే చెయ్యి పోతుండె."

ఆయన గంటసేపు నా చిన్నప్పటి సంగతులన్నీ అడిగాడు. "నువ్వు పిచ్చోనివి కాదు. ధ్యాస నిలుస్తలేదు, అంతే. దానికి తొవ్వలున్నయ్" అని, పెద్ద డాక్టరుకు చీటీ రాసిచ్చాడు. అక్కడే ఏడ్చేశాను. పోలీసులే మళ్లీ జీపులో తెచ్చి బస్టాండులో దింపారు. సంగతంతా చెబితే ఆసామి కూడా మెత్తబడి నాలుగింటిలో రెండు సాంచాలు నాకు ఉంచాడు.

మూడోరోజు ఒక కానిస్టేబులు కార్ఖానాలోకి వచ్చాడు. సాంచాలన్నీ ఆగిపోయాయి. అందరి మొహాల్లో నెత్తురు లేదు.

"గీ చీటీ నీదేనా? జీపుల ఇడిసిపెట్టినవ్!"

అప్పుడే సాంచా మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో చీటీ లేని గోలీ ముట్టను, చీటీ ఉంటే పోలీసు జీపెక్కను.