అమ్మ పాట మానేసిన ఏడాది

నా చిన్నప్పుడు, కడప దగ్గర మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది మా అమ్మే. తమ్ముడు పుట్టాక ఆమె పాడటం మానేసింది. వెనక గుమ్మం పక్కన కూర్చుని, ఆరాధన సగంలోనే లేచి వెళ్ళిపోయేది. అడిగితే గొంతు బాగాలేదనేది. ఇంట్లో తమ్ముణ్ణి ఊపుతూ సన్నగా పాడేది కనుక అది అబద్ధమని నాకు తెలుసు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ మీద కోపం వచ్చేది.

ఒకనాడు శెనక్కాయ చెట్లు పీకుతుంటే అమ్మకు దగ్గు తెర వచ్చింది. లేచేసరికి చీర వెనక తడిసి ఉంది. "అమ్మా, చీర తడిసిందే!" అని అరిచాను. కూలికొచ్చినవాళ్ళంతా తిరిగి చూశారు. ఒకరిద్దరు నవ్వారు. అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని ఇంటిదారి పట్టింది.

భయపడి పక్కింటి నర్సత్త దగ్గరికి పరుగెత్తాను. టౌను ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి కాన్పులు చేసిన మనిషి ఆమె. వెంటనే మా ఇంటికి వచ్చింది.

"గొంతెత్తితే మూత్రం పడతాంది, పాడాలంటే భయమైతాందక్కా" అని అమ్మ ఏడ్చేసింది.

"కాన్పుల్లో అడుగు కండరాలు వదులైతాయమ్మే. ఈ ఊర్లో శానామందికి ఉండాది, చెప్పుకోరంతే."

మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగించి, ఐదు లెక్కపెట్టి, మెల్లగా వదలమంది. ఊపిరి బిగబట్టొద్దంది. పూటకు పదిసార్లు, మూడు పూటలా. మూత్రానికి కూర్చున్నప్పుడు మాత్రం చేయొద్దంది. "మూడు నెల్లకూ తగ్గకుంటే డాక్టరమ్మ కాడికి నేనే పిల్సుకపోతా" అని నా వైపు తిరిగింది. "లెక్క నువ్వు పెట్టు పాపా. అమ్మను బరువులు ఎత్తనీయాకు."

అమ్మ పొయ్యి ముందు కూర్చుంటే, పక్కనే చేరి లెక్కపెట్టేదాన్ని. క్షమించమని అడగటం చేతకాక, ఒకటి, రెండు అంటూ ఉండేదాన్ని. ఒక్కోసారి అమ్మ నన్ను చూసి నవ్వేది.

నాలుగో నెలలో ఒక ఆదివారం అమ్మ ముందు వరుసలోకి వెళ్ళింది. నిలబడి, గొంతెత్తి, పాట చివరిదాకా పాడింది. అందరూ అందుకున్నారు. నేను మాత్రం నోరు తెరవకుండా వింటూ ఉండిపోయాను.

అమ్మ పోయి చాలా ఏళ్ళైంది. ఆ గొంతును రికార్డు చేసి పెట్టుకోవాలని మాలో ఎవరికీ తోచలేదు. ఒక్క చరణం వినాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

యాభై దాటాక నాకూ తుమ్మితే పడటం మొదలైంది. దాచుకోలేదు. అమ్మ చేసిందే చేశాను, డాక్టరమ్మకూ చూపించుకున్నాను.

మొన్న కల్లూరులో మా అబ్బాయి ఇంట్లో, బాలింత కోడలి గది తలుపు దగ్గరికేసి, "దగ్గితే పడతాందా అమ్మా?" అని మెల్లగా అడిగాను. ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి. "మీకెట్ల తెలిసె అత్తా?" అంది. మంచం మీద ఆమె పక్కన కూర్చుని, ఆ పిల్ల ఎన్నడూ చూడని మా అమ్మ గురించి మొదటినుంచీ చెప్పాను.