పెద్దమ్మ చూసి తెచ్చిన కారు

మొన్న ఆదివారం మా మనవరాలు నా పక్కన చేరి, ఫోనులో పాత కార్ల బొమ్మలు ఒక్కొక్కటే జరుపుతూ, "అమ్మమ్మా, ఎర్రది బాగుందా, తెల్లది బాగుందా?" అని అడిగింది. పిల్లకు పద్దెనిమిది నిండి రెండు నెలలైంది, లైసెన్సు చేతికొచ్చింది. కొత్త కారిస్తే నాలుగు రోజుల్లో గోడకు గుద్దుతుందని వాళ్ల నాన్న భయం. పాతదిస్తే దారిలో ఏమవుతుందోనని వాళ్లమ్మ భయం. ఆ రెండు భయాల మధ్య నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. నేను కళ్లద్దాలు సర్దుకుని, "రంగు సంగతి తర్వాత. ముందు కారు కింద దూరి చూసే మనిషిని వెతకండి" అన్నాను. ముగ్గురూ నవ్వారు. నవ్వితే నవ్వారు. నాకు ఆ మాట నేర్పిన మనిషి జన్మలో ఒక్కసారి కూడా స్టీరింగ్ పట్టలేదు. అయినా కారును ఎంచడంలో ఆమెను మించినవాళ్లను నేను చూడలేదు.

ఆమె మా పెద్దమ్మ, అమ్మకు స్వయానా అక్క. మా అమ్మానాన్నలది మొగుళ్లపల్లి, పెద్దమ్మది దంతాలపల్లి. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్నప్పుడు నాకు ఆరేళ్లు. బడులు మూతపడ్డాయి. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఎదురుచూసి ఎదురుచూసి విసిగిన పెదనాయిన ఒక పాత కారు కొన్నాడు. ముఖం చూసుకోవచ్చన్నంత తళతళలాడే నల్ల కారు. దాన్ని చూసి, బేరమాడి తెచ్చింది ఆయన తమ్ముడు. ఆయన్ని నేను కాక అని పిలిచేదాన్ని. నెల తిరగక ముందే, అన్నదమ్ములిద్దరూ ఆ కారులో వస్తుంటే ఊరి బయటి కల్వర్టు దగ్గర బ్రేకు పడలేదు. కారు వాగులోకి దొర్లింది. పెదనాయిన అక్కడికక్కడే పోయాడు. కాకకు ఒక కాలు కుంటిదై ప్రాణం దక్కింది. ఆ రోజు బండి నడిపింది అన్నేనని కాక చెప్పాడు. ఊరంతా అదే నమ్మింది. పిల్లలు లేని పెద్దమ్మకు నాలుగు రోజులు తోడుంటుందని మా అమ్మ నన్ను తెచ్చి దించింది. ఆ నాలుగు రోజులు పన్నెండేళ్లయ్యాయి.

ఆ పన్నెండేళ్లూ మా ఇంట్లో కారు అన్న మాట వినిపించలేదు. జాతరలో ఎవరో పిల్లాడికి రేకు కారు కొనిస్తే, అది మా ఇంటి నేల మీద బర్రున తిరుగుతుంటే, కాక అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. పెద్దమ్మ మాత్రం తన బతుకు తాను బతికింది. మూల కూర్చోమన్న చుట్టాలకు అన్నం పెట్టి పంపించి, గొడుగు వేసుకుని పొలానికి వెళ్లింది. మోటారు చెడిపోతే బాగుచేసే మనిషి పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఏ నట్టు ఎందుకో అడిగి తెలుసుకునేది. ఆయనకు ఆమె ప్రశ్నలంటే ఎంత హడలంటే, మా మోటారు చెడిందని కబురు పెడితే తనకు జ్వరమని చెప్పేవాడు.

నాకు పద్దెనిమిదేళ్లు నిండి, మానుకోటలో డిగ్రీలో సీటు దొరికినప్పుడు గొడవ మొదలైంది. పొద్దున వెళ్లే బస్సు ఉంది. సాయంత్రం తిరిగొచ్చే బస్సు మాత్రం డ్రైవరు దయ. రెండుసార్లు చీకటి పడ్డాక వచ్చాను. మూడోసారి కాక వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు.

"వదినె, ఇగ సాలు. పిల్లను కాలేజి మాన్పియ్యి."

పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అంది. "బస్సు రాకపోతే బస్సును తిట్టాలె గని, పిల్లను మాన్పిస్తరా? బండి కొంట. పిల్లనే నడుపుకుంట పోతది."

కాక ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఈ ఇంట్ల ఒక్క కారు చేసింది సాలదా?"

అప్పుడు ఆమె తలెత్తింది. "ఆ కారు నువ్వు చూసి తెచ్చినవు. ఈ కారు నేను చూసి తెస్త."

ఆ మాట ఆమె పన్నెండేళ్లలో ఎప్పుడూ అనలేదు. కాక కుంటుకుంటూ వెళ్లిపోయాడు. నెల రోజులు మా గడప తొక్కలేదు. "ముండమోసింది కారు కొంటదట, ఆడపిల్ల నడుపుతదట" అని ఊళ్లో మాటలు లేచాయి. అవి తన చెవిన పడ్డ రోజున పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, బజారు నడుమ నుంచి తండాకు నడిచింది. తండాలో లారీ నడిపే అన్న ఒకాయన ఉండేవాడు. ఊళ్లు తిరిగిన మనిషి, మాట తక్కువ. నాకు డ్రైవింగ్ నేర్పడానికి, అంతకన్నా ముందు కారు కింద దూరి చూడడానికి ఆయన ఒప్పుకున్నాడు.

మొదట జనగామ వెళ్లాం. అమ్మే ఆయన ఇంటి ముందు మీగడ రంగు కారు పెళ్లికూతురిలా నిలబడి ఉంది. నేను చూడగానే మనసు పారేసుకున్నాను. పెద్దమ్మ రంగు వైపు చూడనే లేదు. టైరు మీద వేలు పెట్టి రుద్దింది. కాళ్ల కింది పట్టా ఎత్తి తుప్పు చూసింది. లారీ అన్న కింద దూరి లేచి, దుమ్ము దులుపుకుంటూ "పైన కొత్తది, కింద పాతదమ్మా" అన్నాడు. అమ్మే ఆయన మాత్రం బ్రేకులు బ్రహ్మాండమని ఒట్టు వేశాడు. గుమ్మంలో నా ఈడు అమ్మాయి నిలబడి మమ్మల్ని చూస్తోంది.

"గా బిడ్డెవరు?" అంది పెద్దమ్మ.

"మా పెద్దపిల్లనే అమ్మా."

"అయితే ఆమెను పక్కన కూసోబెట్టుకొని, గా దిగుడు మీద జోరుగ పోయి బిరేకు కొట్టి సూపెట్టు."

ఆయన నవ్వాడు. ఎండ అన్నాడు. పెట్రోలు తక్కువుందన్నాడు. పిల్లకు తలనొప్పి అన్నాడు. పిల్లేమో తలనొప్పి తనకా అన్నట్టు నాన్న వైపు చూసింది. పెద్దమ్మ లేచి చెప్పులు తొడుక్కుంది. "నీ బిడ్డ పానం నీకెంతనో, నా బిడ్డ పానం నాకంత. వస్తం."

అలా ఇంకో రెండు కార్లు తిరగ్గొట్టాక, మానుకోటలో స్టేషను వెనక ఒక రిటైరైన సారు ఇంటికి వెళ్లాం. బూడిద రంగు కారు. బర్రెలా పెద్దది, బర్రెలా నిదానం. నాకు ఏడుపొచ్చింది. సారు కుర్చీ వేసి, మేము అడగక ముందే మొదలుపెట్టాడు. "ముందుగల్ల ఇనుండ్రి. ఎడమ తలుపు లోపటి నుంచి తెరుచుకోదు. చడావ్ ఎక్కేటప్పుడు వేడెక్కుతది. జోరు కావాలంటే ఇది మీకు పనికిరాదు."

"జోరు వద్దనే తిరుగుతున్న సారూ" అంది పెద్దమ్మ. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

దిగుడు మీద బ్రేకు కొట్టి చూపించమంటే, సారు లోపలికి కేకేసి భార్యను పిలిచాడు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూరగాయల బజారుకు వెళ్తున్నంత నింపాదిగా ఎక్కి కూర్చుంది. కారు వాలులో దిగి, గీత గీసినట్టు ఆగింది. లారీ అన్న గంటసేపు దాని కింద వెల్లకిలా పడుకుని, చివరికి ఒకే మాట అన్నాడు. "నా బిడ్డనైనా ఎక్కిస్త."

తెచ్చాక కూడా పెద్దమ్మ వదల్లేదు. నున్నబడ్డ రెండు టైర్లు మార్పించింది. ఆ తలుపు బాగుచేయించింది. లారీ మీద బస్తాలు బిగించే పట్టీని చెప్పులు కుట్టే తాతతో మడిచి కుట్టించి, నా సీటుకు అడ్డంగా బోల్టులు వేయించింది. అలాంటి పట్టీ కారులో ఊళ్లో ఎవరూ చూడలేదు. "బర్రె మీద పిల్లను కట్టేసింది" అని నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం రోజూ ఆ పట్టీని తన చేత్తో గుంజి చూశాకే పక్క సీట్లో కూర్చునేది. పంట కోసిన మడుల్లో నేర్చుకున్నాను, తర్వాత తండా బాట మీద. లైసెన్సు ఇచ్చే ఆయన "ఆడపిల్లకెందుకమ్మా ఇది?" అంటే, "నడుపుతందుకు" అని బదులిచ్చి పెద్దమ్మ అక్కడి బల్ల మీద కూర్చుంది. సంతకమయ్యేదాకా లేవలేదు.

కాలేజీకి మొదటిసారి కారులో బయల్దేరిన పొద్దున, కల్వర్టుకు ఇవతల రోడ్డు నడుమ కాక నిలబడి ఉన్నాడు. చేతులు చాపి, కళ్లు మూసుకుని. నేను బ్రేకు తొక్కాను. ఒళ్లంతా ముందుకు తూలింది, పట్టీ వెనక్కి లాగింది. కారు కాకకు బారెడు దూరంలో ఆగింది. "నన్ను తొక్కుకుంట పొండ్రి!" అని అరిచాడు. తర్వాత కళ్లు తెరిచి బానెట్ వైపు చూశాడు. తడబడుతూ ముందుకొచ్చి దాని మీద రెండు చేతులూ పెట్టాడు.

"ఆగింది" అన్నాడు. "వదినె, ఆగింది. గా దినం ఎంత తొక్కినా ఆగలే. నేనే తొక్కిన. అన్న కాదు. నేనే నడిపిన."

పెద్దమ్మ తలుపు తీసుకుని దిగింది. కేకలు పెడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"నాకెరికె. మీ అన్నకు కారు నడప రాదని నాకెరిక లేదా?"

"మరి గిన్నేండ్లు ఎందుకు అడగలే?"

"నువ్వే చెప్తవని." ఆమె వెనక తలుపు తీసింది. "ఎక్కు. పిల్లకు కాలేజి టైమైతుంది."

కాక ఎక్కాడు. కల్వర్టు దాటుతున్నంతసేపూ నా సీటును వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. మానుకోటలో దిగి, కుంటుకుంటూ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "వెనక కుడి టైరుల గాలి తక్కువుంది" అన్నాడు. నిజంగానే తక్కువుంది. ఆ తర్వాత గాలి చూసే పని ఆయనదే.

డిగ్రీ అయ్యేదాకా ఆ కారులోనే కాలేజీకి వెళ్లాను. రెండో ఏడు నుంచి తండా ఆడపిల్లలు ఇద్దరు వెనక సీట్లో వచ్చేవారు. వాళ్లలో ఒకామె తర్వాత నర్సయింది. ఊరి మాటలు ఆగలేదు. పెద్దమ్మ బజారు నడుమ నుంచి నడవడం కూడా ఆపలేదు. కాక పోయాడు, లారీ అన్న పోయాడు, పెద్దమ్మ పోయి కూడా చాలా కాలమైంది.

అప్పుడు నా కంటికి ఆమె లోకమంతా చూసేసిన ముసలమ్మ. మొన్న రాత్రి ఊరికే లెక్క వేసి చూశాను. కారు కొన్న ఏడాది ఆమెకు నలభై మూడేళ్లు. ఇంచుమించు ఇవాళ్టి మా అమ్మాయి వయసు. అది ఎంత చిన్న వయసో తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.