లేసుల్లేని బూట్లు

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు చిత్తూరులో అందింది. పెరటాసి నెల శనివారం, వెంకన్న పూజ రోజు. మా అన్న ఇంట్లో వదిన పొద్దున్నుంచీ పూజ పనిలో ఉంది కాబట్టి, ఫోన్ మోగితే నేనే ఎత్తాను. తిరుపతిలో మా ఎదురింటామె. "టీచరమ్మ నిద్దట్లోనే పోయిందమ్మా. కాఫీ నీళ్ళకి పిలిస్తే పలకలా. నువ్వు తొందరగా రా" అంది. కట్టుకున్న చీరతోనే బస్టాండుకు పోయి బస్సెక్కాను. బస్సు నిండా కొండకు పోయే జనం. నామాలు పెట్టుకున్న పిల్లలు, పసుపు గుడ్డలు, వెనక సీట్లో గోవిందనామాలు. ఆ బస్సులో కొండకు కాకుండా ఇంటికి పోతున్నది నేనొక్కదాన్నే అనిపించింది.

ఆమెకు నేనేమవుతానో ముందే చెప్పేయాలి. ఏమీ కాను. ఆమె బాలికల హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయిన మనిషి. నేను యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాను. ఆమె ఇంటి మిద్దె మీద గదిలో బాడుగకు చేరి, ఇంకో ఇల్లు వెతుక్కోవాలన్న ఆలోచన రాక అక్కడే ఉండిపోయాను. ఆమె భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరికీ సాయంత్రాలు మిగిలిపోయేవి. కూర వండితే ఆమె ఒక గిన్నెలో పోసి, మూత పెట్టి, మెట్ల మీద పెట్టి, ఆ మూతను గరిటెతో రెండు దెబ్బలు తట్టేది. పేరు పెట్టి పిలిచేది కాదు, ఎదురుగా ఉంటే చనువుగా 'మే' అనేది. ఆ చప్పుడే నాకు పిలుపు. నేను దిగితే ఆమె కింది మెట్టు మీద కూర్చునేది, నేను పై మెట్టు మీద. యూరప్ యాత్రకు మేమిద్దరం ప్లాను వేసింది ఆ మెట్ల మీదే.

యూరప్ ఎందుకంటే, ఆకుల కోసం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె పిల్లలకు ఆకురాలు కాలం గురించి పాఠం చెప్పింది. "సూడనిదాన్ని సూసినట్టే చెప్పినాను మే" అనేది. "మనూర్లో ఆకు ఎండతాది, రాలతాది, చీపురు తీసుకోని చిమ్మేస్తాము. ఆడ చెట్టు చెట్టంతా ఎర్రగా అయి, పసుప్పచ్చగా అయి, నిదానంగా రాలతాదంట. నేను చెప్పింది నిజమో కాదో ఒగసారి పోయి సూసుకోని రావాల." రిటైరయ్యాక మనుషులు కాశీకి పోతారు. ఈమె తన పాఠాన్ని సరిచూసుకోవడానికి పోదామనుకుంది.

చిక్కేమిటంటే, అక్కడ ఆకులు రాలేది మనకు పెరటాసి, ఐప్పసి నెలల్లో, అంటే సెప్టెంబరు నడిమి నుంచి నవంబరు నడిమి దాకా. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు పెరటాసి సంగతి చెప్పక్కర్లేదు. టీచరమ్మ పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు అంతా పలమనేరు, పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఉంటారు. పెరటాసి వస్తే ఒకరి వెనక ఒకరు దిగుతారు. రాత్రికి పడుకుని, కొండెక్కి, గుండు చేయించుకుని, దాని మీద గంధం పూసుకుని దిగి, భోంచేసి బస్సెక్కుతారు. ఎట్లా ఉన్నావని ఆమెను అడిగేవాళ్ళు తక్కువ, బస్సు ఎప్పుడుందని అడిగేవాళ్ళు ఎక్కువ. నాకు కడుపు మండేది. ఆమె మాత్రం, "దేవుడి పేరు మీదైనా వస్తా ఉండారు కదా మే. ఈ ఊర్లో ఇల్లు లేకుంటే అదీ ఉండదు" అని బియ్యం కడగడానికి పోయేది.

ఆమె ప్లాను వేసే పద్ధతి అచ్చం తిరుపతి పద్ధతి. ఎప్పుడు బయల్దేరాలి, ముసలివాళ్ళను ఏ దారిలో తీసుకుపోవాలి, చంటిబిడ్డకు పాలు ఎక్కడ దొరుకుతాయి, ఇలాంటివన్నీ చుట్టాలకు చెప్పి చెప్పి ఆమెకు అలవాటు. ఆ తెలివంతా యూరప్ మీద పెట్టింది. రెండు వారాలు. పారిస్, మ్యూనిక్, వియన్నా, బుడాపెస్ట్, చివరికి ప్రాగ్. "ఒంట్లో సత్తవ ఉండంగానే పెద్ద ఊరు సూసెయ్యాల. కాళ్ళు నొస్తా ఉన్నా చిన్నూర్లు సూడొచ్చు" అని పారిస్‌ను ముందు పెట్టింది. గది రైల్వే స్టేషన్ పక్కనే ఉండాలి, సామాను పడేసి స్నానం చేసి బయటపడాలి. చెనిక్కాయల పొడి, చింతకాయ తొక్కు నా పెట్టెలో, బొరుగులు ఆమె పెట్టెలో. చర్చిలకు తెల్లవారుజామునే పోవాలి. ఎండెక్కితే క్యూ కదలదని ఆమె వాదన. ట్రావెల్ ఆఫీసులో నేను ఈ మాట చెబితే అక్కడి కుర్రాడు నవ్వాడు. ఆ పొద్దుకు చర్చి తలుపులే తీయరట. ఆమె నమ్మలేదు. "తెల్లారినాంక కూడా దేవుడి తలుపులు మూసి పెట్టేది యాడన్నా ఉంటాదా? ఆ పిల్లోడు పోయి సూసొచ్చినాడా?" అంది. అతనూ పోలేదు కాబట్టి ఆ వాదన అంతటితో ఆగింది.

ఒకరోజు గాంధీ రోడ్డుకు పోయి బూట్లు కొనుక్కొచ్చింది. గోధుమరంగువి, లేసులు లేనివి, కాలు దూరిస్తే దూరేవి. అవి చలికీ ఆగవు, వానకూ ఆగవు. "లేసులుండేవి తీసుకోవాల్సింది టీచరమ్మా, గట్టిగా ఉంటాయి" అన్నాను. "ఎన్ని చర్చిలు సూడాల మనము? ప్రతి గుడి ముందరా వంగి విప్పి, మళ్ళా వంగి కట్టుకోని, నా నడుము ఏం గాను?" అంది. అక్కడ అందరూ బూట్లతోనే లోపలికి పోతారని చెప్పాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. "వాళ్ళు పోతారేమో. మనమెట్ల పోతాము?" అంది. విడిచిన బూట్లకు టోకెను ఇస్తారేమో ట్రావెల్ ఆఫీసులో కనుక్కోమంది. నేను కనుక్కోలేదు. ఆ కుర్రాడి చేత ఒకసారి నవ్వించుకున్నది చాలనిపించింది.

ఇక చుట్టాలకు చెప్పాలి. ఈ పెరటాసికి నేను ఊర్లో ఉండను అని ఆమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది. నేను మెట్ల మీద కూర్చుని వింటున్నాను. ఎక్కడికి పోతున్నావని ఒక్కరూ అడగలేదు. "మరి తాళం ఎవురికిచ్చి పోతావు?" అని మాత్రం అందరూ అడిగారు. చివరి ఫోన్ పెట్టేసి ఆమె నవ్వింది. అంత బాగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

వీసాకు చెన్నై పోయాం. ఇద్దరినీ ఒకే కిటికీ ముందు పక్కపక్కన కూర్చోబెట్టారు. అద్దం అవతల చిన్న వయసు అమ్మాయి, మర్యాదగానే మాట్లాడింది. నాకు ఉద్యోగం ఉంది, సెలవు ఇచ్చిన కాగితం ఉంది, నా పని అయిపోయింది. టీచరమ్మను మాత్రం, మీరు తిరిగి వస్తారని ఎలా నమ్మాలి, ఇంటి దగ్గర మీకోసం ఎవరున్నారు అని అడిగింది. భర్త? లేరు. పిల్లలు? లేరు. మీతో పాటు ఉండేవాళ్ళు? టీచరమ్మ కాస్త ఆలోచించి, పాఠం చెప్పే గొంతుతో, ఇంగ్లీషులో, స్పష్టంగా చెప్పింది, ఎవరూ లేరని. పెరటాసి వస్తే ఇల్లు చాలక మిద్దె మీద కూడా చాపలు పరిచే మనిషి ఆ మాట చెప్పింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. నాకు వీసా వచ్చింది. ఆమెకు రాలేదు.

తిరుగు బస్సు పుత్తూరు దాటింది. ఆమెకు వీసా రాలేదన్న బాధ నాకు ఉంది. దాని అడుగున ఇంకో బాధ ఉంది, అది పైకి చెప్పుకుంటే చిన్నతనంగా ఉంటుంది. ఎవరూ లేరు అన్నప్పుడు నేనెక్కడికి పోయాను? ఆమె కనిపెట్టినట్టుంది. "నిన్ను ఏమని చెప్పేది మే? చెల్లెలనా, కూతురనా? మిద్దె మీద బాడుగకుండే పిల్ల అంటే ఆ అమ్మి రాసుకుంటాదా?" అంది. రాసుకోదు, నిజమే. అయినా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నువ్వు పోయి రా అని ఆమె చాలాసార్లు చెప్పింది. నేను పోలేదు. ఒక్కదాన్నే పోయి చూడాలనేంత ప్రేమ నాకు ఆ ఆకుల మీద లేదు. ఉన్నదల్లా ఆమెతో కలిసి పోవడం మీదే.

ఆ ఏడు ఇంటికి తాళం పడలేదు, చుట్టాలు ఎప్పటిలాగే వచ్చారు. అందరూ కొండకు పోయిన ఒక సాయంత్రం ఆమె ఆ బూట్లు వేసుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. "ఈ పొద్దు మనం యాడుండాము?" అంది. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత ప్లాను గుర్తు చేసుకుని, "మ్యూనిక్‌లో" అన్నాను. "అదే అనుకున్నా. చలి సూడు ఎట్లుండాదో" అని కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఆమె మెడ మీద చెమట కారుతూ ఉంది. అంతకు ముందు నెలంతా మేము నవ్వలేదు. ఆ రోజు నవ్వాం.

అప్పట్నుంచి ఏటా పెరటాసిలో మా యాత్ర జరిగేది. పగలు చుట్టాలకు వండి పెట్టడం, సాయంత్రం మెట్ల మీద వియన్నా. నేను లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాల్లో చూసి ఆమె వీధుల పేర్లు చెప్పేది, ఏ తోటలో ఏ చెట్లు ముందు రంగు మారతాయో చెప్పేది. ఎదురుగా మా కొండ మీద దీపాలు వెలిగితే అటు చూస్తూ, "బుడాపెస్ట్‌లో కూడా ఊరి నడాన కొండ ఉండాదంట. దాని మీద కోట" అనేది. కొన్ని సాయంత్రాలు ఊరికే కూర్చునేవాళ్ళం. పరాయి ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళు అలిసిపోయి ఎక్కడో ఒకచోట కూర్చోరా, అలాగ.

ఈ ఏడు కూడా బయల్దేరాం. నేను చిత్తూరుకు పోయిన రోజుకు వియన్నా చేరాం. "నేనొచ్చేలోపల మీరు బుడాపెస్ట్‌కు పోయుండండి టీచరమ్మా" అన్నాను. "నువ్వు లేకుండా నేను రైలెక్కను పో. ఈడనే ఉంటా" అంది. మాట తప్పింది. ఆమె మీద నాకు నిజంగా కోపం వచ్చింది ఈ ఒక్క విషయంలోనే.

నేను చేరిన కాసేపటికే ఇంటి నిండా జనం. కొందరు కబురు విని వచ్చినవాళ్ళు, కొందరు ముడుపులు కట్టుకుని కొండకని బయల్దేరి, బస్సు దిగాక సంగతి తెలిసినవాళ్ళు. మైల పడినవాళ్ళు కొండెక్కకూడదు కాబట్టి ఎవరూ ఎక్కలేదు. బస్సు ఎప్పుడుందని ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం ఆమె బావగారి కొడుకు దహనం చేసి, గుండుతో వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఆ ఇంట్లో నేను ఎన్నో గుండ్లు చూశాను. గంధం లేని గుండు చూడడం అదే మొదలు. అంతమంది ఆమె కోసమని రావడం కూడా అదే మొదలు. ఈ సంగతి ఆమెకు చెప్పాలనిపించి మెట్ల దాకా పోయి నిలబడిపోయాను.

మరుసటి రోజు, ఆ బావగారి కొడుకు భార్య ముడుపులన్నీ ఒక సంచిలో వేసి నా దగ్గరికి తెచ్చింది. "మేమెవురమూ పోకూడదు కదా. నీకు మైల లేదు కదమ్మా, నువ్వు పోయి హుండీలో ఏసొస్తావా? మొక్కు నిలబడిపోతాది" అంది. చెడ్డగా అన్న మాట కాదు. నాకు స్నానం లేదు, పది రోజులు లేవు, కూర్చుని ఏడవడానికి ఒక వరుస లేదు. చెన్నైలో అద్దం ముందు విన్న మాటే మళ్ళీ విన్నట్టయింది. సంచి కోసం చేయి చాచాను కూడా. చాచిన చేయి అలాగే ఆగిపోయింది.

"నాకూ ఉండాదక్కా మైల" అన్నాను.

టీచరమ్మ ఆడబిడ్డ, బాగా పెద్దామె, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎవురీమె అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగి, ఖాళీ చేసిన చోటును అరచేత్తో తట్టింది. "అట్లయితే నిలబడుకోనుండావేమి? వచ్చి కూర్చో. పదో దినం అందరితో పాటు తలకు పోసుకుందువు" అంది. నేను కూర్చున్నాను. చిత్తూరులో ఫోన్ ఎత్తినప్పటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

పదో రోజు అందరితో పాటు తలకు పోసుకున్నాను. ఆ సాయంత్రానికే అందరూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ తాళం నా చేతికిచ్చారు, ఎవరికివ్వాలన్న ప్రశ్న ఈసారి ఎవరూ అడగలేదు. ఇప్పుడు కింద తాళం, పైన నేను. మూత మీద గరిటె చప్పుడు ఉండదు. లెక్క ప్రకారం మేము ప్రాగ్ కూడా చూసి తిరిగి రావాలి. నేనింకా వియన్నాలోనే ఉన్నాను. ఆమె లేకుండా రైలెక్కడం నాకూ చేతకాలేదు.

ఐప్పసి వానలు మొదలయ్యాయి. మెట్ల మీద కూర్చుంటే గడప కనిపిస్తుంది. చుట్టాల చెప్పులన్నీ పోయాక అక్కడ ఆ గోధుమరంగు బూట్లు మాత్రం మిగిలాయి. చివరి సాయంత్రం మెట్ల మీంచి లేచి పోయి, ఆమె వంగకుండా విడిచిన చోటే, ఒకటి కాస్త ముందుకు, ఒకటి కాస్త వెనక్కు, తలుపు వైపు చూస్తూ ఉన్నాయి.