తప్పులేనయ్య కాలర్లు

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగకళ్ళు అనేవారు. కుట్టుమిషన్ల వరుస చివర బల్ల దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి చొక్కానూ తిరగేసి, తప్పున్నచోట ఎర్ర స్టిక్కరు అంటించడం ఆమె పని. నెలలో పది స్టిక్కర్లు పడితే కుట్టినవాళ్ళ ఉద్యోగం ఊడుతుంది. పదకొండేళ్ళలో ఆ కళ్ళను దాటిపోయిన తప్పు లేదు. ఒక్క మనిషి తప్పులను మాత్రం ఆమే దాచిపెట్టింది.

అతడు కాలర్లు కుట్టేవాడు. ఒకరోజు ఆమె బల్ల మీది లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే, ఎవరూ అడక్కుండానే స్టూలెక్కి బిగించి, చేతులు దులుపుకుని వెళ్ళి కూర్చున్నాడు. అంతమాత్రానికే మనసు పారేసుకోవాలా? పారేసుకుంది, ఏం చేస్తాం!

కుట్టు చూస్తే అంతంతమాత్రం. కాలరు కుడి మొన ఎప్పుడూ లోపలికి ముడుచుకుపోయేది. ఆమె ఆ కాలర్లను పక్కకు తీసి, మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక విప్పి మళ్ళీ కుట్టేది. ఇలా రెండేళ్ళు! అతడికి తెలియదు, ఎవరికీ తెలియదు. అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తెస్తే వదిన దెప్పేది.

"నా వంట అంత చేదుగా ఉందా తల్లీ? చెప్తే మానేస్తాను కదా."

ఈవిడ నోరు విప్పితేగా!

ఒక్క స్టిక్కరూ పడని మనిషికి తప్పులేనయ్య అని పేరొచ్చింది. పేరుతో పాటు సూపర్‌వైజరు కుర్చీ వచ్చింది. కళ్ళు నెత్తికెక్కడానికి వారం పట్టలేదు. వెళ్ళి వెళ్ళి పిన్ని మీద పడ్డాడు. ఆ వరుసలో అందరికీ ఆవిడ పిన్నే. ఆవిడా కాలర్లే కుట్టేది. వేళ్ళు వణికే వయసు. ఆ నెల ఆవిడకు పదో స్టిక్కరు పడింది. పదీ డేగకళ్ళే అంటించింది. తప్పు తప్పే కదా మరి!

అతడు ఆ పదో స్టిక్కరు పడిన కాలరును పిన్ని ఒళ్ళో విసిరాడు.

"రెండేళ్ళలో నాకొక్కటైనా పడిందా? చేతకాకపోతే ఇంట్లో కూర్చోవాలి. లే అక్కణ్ణుంచి, ఎలా కుట్టాలో చూపిస్తా."

పిన్ని లేచి నిలబడింది. అతడు ఆవిడ మిషన్ మీదే ఒక కాలరు కుట్టి, డేగకళ్ళ బల్ల మీద పడేశాడు.

"చూపించు అందరికీ."

ఆమె తిరగేసింది. కుడి మొన ముడుచుకునే ఉంది. ఒళ్ళు మండిపోయింది. ఇలాంటివాడి కోసమా కడుపు మాడ్చుకుంది? అతడి మీద ఎంత కోపమో, తన మీద దానికి రెండింతలు. బల్ల అదిరేలా స్టిక్కరు కొట్టింది.

"ఏంటిది? ఇన్నాళ్ళూ లేని తప్పు ఇవాళెలా వచ్చింది?"

"ఇన్నాళ్ళూ ఉంది. విప్పి కుట్టింది నేను."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"నిన్నెవరు కుట్టమన్నారు? ఎందుకు కుట్టావ్?"

వరుసంతా చూస్తోంది. అయినా ఆమె గొంతు తగ్గించలేదు.

"నువ్వంటే ఇష్టమై. బుద్ధి గడ్డి తిని. చాలా, ఇంకా చెప్పాలా? ఈవిణ్ణి పంపిస్తే నువ్వూ పోవాలి. పద, యజమాని దగ్గరికి, అక్కడా చెప్తాను."

అతడి ముఖం పాలిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె పిన్ని వైపు తిరిగింది, ఇక భయం లేదని చెబుదామని. పిన్ని తన పదో కాలరును చేతిలో పట్టుకుని, ఆమెనే చూస్తోంది.

"మరి నావి ఒక్కటైనా కుట్టాలనిపించలేదా తల్లీ?"