లుహాన్స్క్ నుంచి వచ్చిన శ్రావణితో షంషాబాద్‌లో ఒక పూట

ఈ ప్రయాణం సరదాకు పెట్టుకున్నది కాదు. మా అక్క కూతురు శ్రావణి ఉక్రెయిన్ తూర్పున ఉన్న లుహాన్స్క్‌లో డాక్టర్ చదువు చదువుతుండేది. 2014 వేసవిలో యుద్ధం ఆ ఊళ్లోకే వచ్చేసరికి తోటి విద్యార్థులతో రైలెక్కి కీవ్ చేరి, అక్కడ విమానం పట్టుకుంది. అక్క కాలు విరిగి మంచం మీద ఉంది, బావ ఆమెను వదిలి రాలేడు. అందుకని నేను బయలుదేరాను.

జడ్చర్లలో ఆరింటి బస్సెక్కితే ఏడున్నరకు షంషాబాద్‌లో దిగాను. ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లి రావడానికి ఐదు వందలకు కారు మాట్లాడుకున్నాను. డ్రైవర్ యాదయ్యది షంషాబాద్ పక్క ఊరే. ఎవరొస్తున్నారని అడిగితే చెప్పాను. "టీవీల రోజు చూస్తున్ననక్కా. అన్ని దేశాలు ఆపమంటున్నయంట గదా, మరి రష్యావోళ్లు ఇంటలేరేంది?" అన్నాడు. నేను బళ్లో సోషల్ టీచర్‌ని. ఆ ఊరికి రష్యా సరిహద్దు ఎంత దగ్గరో మాత్రం చెప్పగలిగాను.

తొమ్మిదిన్నరకు శ్రావణి బయటికి వచ్చింది. భుజాన ఒక్క సంచి, కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులు. "బూట్లు తొడుక్కునే టైం గూడ లేకుండె చిన్నమ్మా," అని నవ్వబోయి నన్ను పట్టుకుని ఏడ్చేసింది. రెండు రోజులుగా సరిగ్గా తినలేదని తెలిసి యాదయ్య కొత్తూరు దారిలో ఒక రేకుల షెడ్డు హోటల్ ముందు కారు ఆపాడు.

హోటల్ నడిపే అంజమ్మ దోసెలు తెచ్చి పెట్టిందో లేదో, నెత్తిమీదుగా విమానం ఒకటి బాగా కిందుగా పోయింది. పళ్లెం కిందపడింది. చూస్తే శ్రావణి బల్ల కింద, చేతులతో తల కప్పుకుని ఉంది. అంజమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, పిల్లను లేపకుండా తనూ నేలమీద పక్కన కూర్చుంది. "ఇమానం బిడ్డా, గంతే. మనుషులను తీస్కపోతది, తీస్కొస్తది. ఎయిర్‌పోర్ట్ కొత్తగ వెట్టినప్పుడు నాకు గూడ గుండె దడదడలాడేది. ఇగ లే, ఇంకోటి ఏడిగ పోస్త," అంది వీపు నిమురుతూ.

గోడకున్న టీవీలో అప్పుడే వార్తలు. పొరుగు దేశం మీదికి ఆయుధాలు, మనుషుల్ని పంపడం ఆపమని ప్రపంచ దేశాలు రష్యాను మరోసారి కోరాయని చెబుతున్నారు. అంజమ్మ టీవీ కట్టేయబోతే శ్రావణి వద్దంది. "ఉండనియ్యి అక్కా. మేం కిరాయికున్న ఇంటి వాలెంటీనా ఆంటీ రోజు రేడియోల ఇదే ఇంటది. ఇంక అడుగుతున్నరంటే మనల్ని మరిచిపోలేదని అంటది." ఒంటరి మనిషి ఆమె. తన ఇంట్లో ఉన్న విద్యార్థులను స్టేషన్ దాకా దిగబెట్టి, తాను మాత్రం ఇల్లు వదలనంది. ఆ రోజు నుంచీ ఫోన్ కలవడం లేదు.

నా ఫోన్ ఇచ్చాను. రెండుసార్లు మూగబోయింది. మూడోసారి అటునుంచి సన్నని గొంతు వినిపించింది. శ్రావణి వాళ్ల భాషలో ఏదో చెబుతూ, ఏడుస్తూ, నవ్వుతోంది. అంజమ్మ పిండి చేయి కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. "అమ్మా, నీ బిడ్డ మా తాన పైలంగ ఉన్నది. తింటున్నది. నువ్వు తిన్నవా?" అని తెలుగులోనే అడిగింది. శ్రావణి తర్జుమా చేసింది. అటునుంచి వచ్చిన జవాబు శ్రావణి మెల్లగా చెప్పింది: "పొద్దుగాల రొట్టె తిన్నదంట. తనను తిన్నవా అని అడిగినోళ్లు ఈ వారంల నువ్వే మొదలంట అక్కా."

ఇది రాస్తున్న రోజుకు యుద్ధం ఆగలేదు. వాలెంటీనా గారు ఆ ఇంట్లోనే ఉన్నారు, వారానికోసారి ఫోన్ కలుస్తోంది. దేశాలు కోరితే ఏమవుతుందని మా క్లాసులో పిల్లలు అడుగుతారు. ఏమవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ మాట కోసం చెవి ఒగ్గి కూర్చున్న ఒక మనిషి పేరు మాత్రం వాళ్లకు చెబుతున్నాను. ఇలాంటి చోటు నుంచి వచ్చే మనవాళ్లకోసం మీరు షంషాబాద్ వెళ్తుంటే, ఫోన్‌కు విదేశీ కాల్ సౌకర్యం ముందురోజే పెట్టించుకోండి. దిగగానే వాళ్లు మాట్లాడాలనుకునేది ఇంటివాళ్లతో మాత్రమే కాదు, అక్కడ మిగిలిపోయినవాళ్లతో కూడా.