కాలువ గట్టు మీద ఏకాదశి

నా చిన్నప్పుడు, అంటే పదకొండేళ్ళప్పుడు, మా తాతయ్యని చంపినంత పని చేశాను. ఈ మాట అందరూ నవ్వుతూ అంటుంటారు. నేను నవ్వుతూ అనడం లేదు.

మేం న్యూజెర్సీ వచ్చి అప్పటికి మూడేళ్ళు. పార్సిప్పనీలో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. పాలు అయిపోయినా కారు తియ్యాల్సిందే. తాతయ్య, అంటే మా అమ్మకి నాన్న, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చాడు. కోనసీమలో కాలువల శాఖలో లస్కరుగా చేసి రిటైరైన మనిషి. పడవల్ని ఎత్తు నీళ్ళ నుంచి పల్లపు నీళ్ళకి దించే లాకు తలుపులు తియ్యడం, వెయ్యడం, గట్టు ఎక్కడ కోసుకుపోతోందో సైకిలు మీద తిరిగి చూసుకోవడం, ముప్పై ఏళ్ళు అదే ఆయన ఉద్యోగం. అలాంటి మనిషిని తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టి టీవీ రిమోట్ చేతికిచ్చాం. మొదటి నెలంతా బాల్కనీలో నిలబడి పార్కింగ్‌లోకి వచ్చే కార్లనీ పోయే కార్లనీ చూస్తూ గడిపాడు. అన్నం కూడా సరిగ్గా సహించేది కాదు.

ఒక ఆదివారం నాన్న మమ్మల్ని గంట దూరంలో ఉన్న ఒక కాలువ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒకప్పుడు బొగ్గు పడవలు నడిచిన కాలువ. ఇప్పుడు పడవలు లేవు. వాటిని లాగే కంచరగాడిదల కోసం వేసిన గట్టుదారి మాత్రం ఉంది, దాన్ని నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేశారు. నేలంతా చదును. ఒకవైపు కాలువ, ఇంకోవైపు మొక్కజొన్న చేలు, చేల అవతల నది. తాతయ్య కారు దిగి నాలుగడుగులు వేసి, పాత లాకు ఒకటి కనిపిస్తే దాని తలుపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు రాత్రి రెండుసార్లు పెరుగన్నం కలుపుకున్నాడు.

తర్వాతి వారానికల్లా నాన్న ఎవరి గరాజ్ సేల్‌లోనో రెండు సైకిళ్ళు కొన్నాడు. కాలువ మొత్తాన్ని ఐదు ముక్కలుగా చేసి, శనివారానికొకటి చొప్పున నేనూ తాతయ్యా తొక్కాలని ఏర్పాటు. వాటిని ఆయన సెక్షన్లు అనేవాడు. పొద్దున్నే నాన్న ఒక వంతెన దగ్గర దింపేవాడు, నాలుగింటికి ఇంకెక్కడో ఉన్న వంతెన దగ్గర ఎక్కించుకునేవాడు. మధ్యలో మేమిద్దరమే. ఆ గట్టు మీద కార్లు లేవు, హారన్లు లేవు, రోడ్డు చెట్ల వెనకెక్కడో ఉండేది. దారి పొడుగునా తాతయ్య ఇక్కడ పూడిక తియ్యాలి, ఇక్కడ రాళ్ళు పేర్చాలి అని అమెరికా వాళ్ళ కాలువకి మరమ్మతులు చెబుతూ తొక్కేవాడు. ఆ వేసవిలో ఆయనంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చూడలేదు.

నాలుగో శనివారం ఏకాదశి. తాతయ్య ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టడు. ఆయనకి షుగరు ఉంది. పొద్దున మాత్ర వేసుకున్నాడు, ఎందుకంటే మాత్ర మందు, భోజనం కాదు, దాంతో ఉపవాసం చెడదు. ఖాళీ కడుపున ఆ మాత్ర షుగరుని ఎంత కిందికి దించేస్తుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మకి మాత్రం ఎందుకో మనసు ఒప్పలేదు. ఇవాళ మానెయ్యి నాన్నా అంది. ఆయన వినలేదు. చివరికి కళ్ళు తిరిగితే తప్పకుండా తింటానని చేతిలో చెయ్యి వేయించుకుని, నాలుగు సున్నుండలు డబ్బాలో పెట్టి నా బ్యాగులో పెట్టింది. తాతయ్య ఎప్పుడు అడిగినా వెంటనే ఇవ్వాలని నాకు రెండుసార్లు చెప్పింది. నేను అలాగే అన్నాను.

పదకొండింటికి ఒకచోట ఆగాం. తాతయ్య నీళ్ళ దగ్గరికి దిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను నా శాండ్‌విచ్ తింటుంటే పెద్ద బాతులు ఐదారు నా చుట్టూ చేరాయి. రొట్టె అంచులు వేశాను. అవి అయిపోయాయి, బాతులు పోలేదు. ఒక సున్నుండ తీసి విసిరాను. అది నేల మీద పడి పొడైపోయింది. దానికోసం అవి మెడలు సాచి పొడుచుకుంటుంటే నాకు నవ్వాగలేదు. రెండోది వేశాను. మూడోది, నాలుగోది ఎప్పుడు వేశానో నాకే తెలియదు. దుర్మార్గంతో చేసింది కాదు. సంతోషంగా ఉన్నాను, అంతే. అప్పుడప్పుడు అదే ఎక్కువ బాధపెడుతుంది.

మళ్ళీ బయలుదేరాక గంటకి తాతయ్య మాటలు ఆగిపోయాయి. లాకు ఒకటి దాటినా దాని గురించి ఏమీ అనలేదు. ఇంకాసేపటికి సైకిలు అటూ ఇటూ పోవడం మొదలుపెట్టింది. దిగి, దాన్ని స్టాండు కూడా వెయ్యకుండా వదిలేసి, గట్టు మీద కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి.

"బుజ్జమ్మా, అమ్మ ఇచ్చింది ఒకటి ఇలాగియ్యి" అన్నాడు.

నేను డబ్బా తీశాను. ఖాళీ అని తెలిసి కూడా మూత తీసి లోపలికి చూశాను. బ్యాగంతా వెతికినట్టు నటించాను. ఎక్కడో పడిపోయినట్టున్నాయి అన్నాను. ఆయన డబ్బా వైపు చూశాడు, అడుక్కి అంటుకున్న నెయ్యి వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు.

"పోనీలే. ఇందాక లాకు దాటాం కదా, అక్కడికెల్లు. లాకున్న చోట మడిసుంటాడు. తీపి ఏదున్నా అడిగి పట్రా." నేను కదలకుండా ఏడుస్తుంటే, "ఏడుపు తర్వాతమ్మా. ముందెల్లు" అన్నాడు.

వెళ్ళాను. ఆ రెండు మైళ్ళు ఎలా తొక్కానో చెప్పలేను. లాకు పక్కన తెల్లటి ఇల్లు ఉంది. తలుపు బాదాను. కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి. ఇంటి చుట్టూ తిరిగి వెనక తలుపు బాదాను. తాతయ్య దేశంలో లాకు దగ్గర మనిషి లేకుండా ఉండడు, పడవ ఏ వేళకి వచ్చినా లేచి తలుపు తీసేవాడు ఒకడుంటాడు. ఇక్కడ ఆ మనుషులు పోయి ఎన్నో ఏళ్ళయింది, ఇల్లు మాత్రం చూడ్డానికి ఉంచారు. ఇదంతా ఆ చెక్కలు చూశాకే నాకు అర్థమైంది. హెల్ప్ అని అరిచాను. చేల మీద నుంచి నా గొంతే నాకు వినిపించింది. పొద్దుటి నుంచీ మాకు అంత హాయిగా ఉన్నది కార్లు లేకపోవడమే. ఇప్పుడు ఒక్క కారు చప్పుడు వినిపిస్తే చాలని చెవులు రిక్కించి నిలబడ్డాను. ఏమీ లేదు. తాతయ్య చచ్చిపోతాడు, నా వల్లే చచ్చిపోతాడు అని పైకే అనుకుంటూ మళ్ళీ సైకిలెక్కాను.

లాకు దాటి ఇంకా ముందుకి పోయి, కాలువ మలుపు తిరిగాక ఒక ముసలాయన చేపలు పడుతూ కనిపించాడు. ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడితే, మూడేళ్ళుగా బడిలో మాట్లాడుతున్న ఇంగ్లీషు ఒక్క ముక్క రాలేదు. షుగర్, షుగర్ అంటూ వెనక్కి చెయ్యి చూపించాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, ఐసుపెట్టెలోంచి కోలా డబ్బాలు రెండు తీసి నా చేతిలో పెట్టాడు. తన ట్రక్కు ఇక్కడికి దూరమని, దాని దగ్గరికి పోయి ఎక్కడైనా ఫోను పట్టుకుని అంబులెన్సు పిలుస్తానని, నన్ను మాత్రం వెంటనే వెనక్కి వెళ్ళమని చెప్పాడు. సెల్‌ఫోన్లు లేని రోజులు.

నేను వచ్చేసరికి తాతయ్య పక్కకి ఒరిగి పడున్నాడు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. నీళ్ళు సమానం కాలేదు, పడవ ఆపమనండి అని ఎవరికో చెబుతున్నాడు. డబ్బా తెరిచి నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పేసుకున్నాడు. మళ్ళీ పెట్టాను. "ఏకాదశి" అని నా చెయ్యి విదిలించి కొట్టాడు. డబ్బా దొర్లి కాలువలోకి పోయింది. నా మీద ఎన్నడూ చెయ్యెత్తని మనిషి. పళ్ళు బిగించి పడుకున్నాడు. నా దగ్గర ఇంకొక్క డబ్బానే ఉంది.

ఆ సమయంలో అది ఎలా తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన్ని ఎలాగో లేపి నా ఒళ్ళోకి ఆనించుకుని, రెండో డబ్బా తెరిచి, గుళ్ళో పూజారి అన్నట్టు "తాతయ్యా, తీర్థం" అన్నాను. ఆయన కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఎడమ చెయ్యి దాని కిందికి చేరింది. అరచెయ్యి గుంటలా పట్టాడు. కోలా పోశాను. తాగాడు. తడిచెయ్యి తలకి రాసుకుని మళ్ళీ చాపాడు. మళ్ళీ పోశాను. మూడుసార్లు తీసుకున్నాక చెయ్యి కిందికి దించేస్తే, ఇంకో దేవుడి తీర్థం అన్నాను. ఆ మధ్యాహ్నం నాకు తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. డబ్బా దాదాపు అయిపోయింది, ఆయనలో మార్పు లేదు. దేవుళ్ళ పేర్లు కూడా అయిపోయాయి.

కొంతసేపటికి తాతయ్య వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటున్నాయని వాటి వైపే చూసుకున్నాడు.

"ఇదేం తీర్థమే బుజ్జమ్మా" అన్నాడు.

అంబులెన్సు వాళ్ళు వంతెన దగ్గర బండి ఆపేసి, స్ట్రెచర్ తోసుకుంటూ గట్టు మీద నడిచి వచ్చారు. ఆసుపత్రికి అమ్మ వచ్చీ రాగానే నన్ను పట్టుకుని సున్నుండలు ఇచ్చావా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మంచం మీంచి తాతయ్య అందుకున్నాడు.

"ఇచ్చిందమ్మా. నేనే తినలేదు. ఏకాదశని కాలవలో పారేశాను."

అమ్మ ఆయన్ని అన్న మాటలు ఇక్కడ రాయను. కూతురు తండ్రిని అనకూడనివి. చేతిలో చెయ్యేసి కూడా నా మాట లెక్కచెయ్యలేదు, పసిదాన్ని శవం పక్కన కూర్చోబెట్టబోయావు అంది. ఆయన గోడవైపు తిరిగి విన్నాడు. నేను నా బూట్లు చూసుకుంటూ విన్నాను. ఒక్క వాక్యం చాలు. చెప్పలేదు.

సైకిళ్ళు రెండూ నాన్న ఎవరికో ఇచ్చేశాడు. ఐదో సెక్షను మిగిలిపోయింది. తాతయ్య మిగిలిన మూడు నెలలూ మళ్ళీ బాల్కనీలో నిలబడి కార్లు చూశాడు. మళ్ళీ అన్నం తగ్గించేశాడు. నేను రోజూ సాయంత్రం అక్కడికి వెళ్ళి నిలబడేదాన్ని. ఆయన నా మొహం చూసి బడి గురించి అడిగేవాడు. ఒకరోజు తెగించి, "తాతయ్యా, ఆ సున్నుండలూ" అన్నాను.

"బాతులు బాగా తిన్నాయా?" అన్నాడు. నీళ్ళ దగ్గర నుంచి చూశాడట, ఒకటో రెండో వేశానని అనుకున్నాడట, అన్నీ అయిపోయాయని డబ్బా చూశాకే తెలిసిందట. నేను అమ్మకి చెప్పేస్తానని ఏడిస్తే వద్దన్నాడు. "అమ్మకి నా మీద కోపమైతే నాల్రోజుల్లో పోద్ది. నీ మీదైతే నువ్వు జన్మలో మర్చిపోవు. నువ్వు తిరిగొచ్చావు, నాకదే చాలు."

అంత తెలిసిన మనిషి కూడా ఒకచోట పొరబడ్డాడు. అమ్మ కోపం నాలుగు రోజుల్లో పోలేదు. ఎయిర్‌పోర్ట్‌లో ఆయన కాళ్ళకి దండం పెట్టింది కానీ మొహం చూడలేదు. ఆయన పోయిన రోజు ఫోను పెట్టేసి ఏడుస్తూ కూడా, మొండి మనిషి, ఒక్కనాడు నా మాట వినలేదు అంది. ఇప్పుడు నాకు యాభై దాటాయి. మా పిల్లలు ఏదైనా పాడు చేసి నా ముందుకొచ్చి నిలబడితే, ఎవరు చేశారని అడగను, ముందు ఏం చెయ్యాలో చెబుతాను. ఇది తాతయ్య దగ్గర నేర్చుకున్నదే. దీనికి అందరూ నన్ను మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆయన పెట్టిన ఆ భిక్షకి ఖరీదు, తండ్రి మీద ఇన్నేళ్ళ కోపంగా, మా అమ్మ కట్టింది, తిన్నది మాత్రం నేనొక్కదాన్నే.

అమ్మకి ఎనభై. నా దగ్గరే ఉంటుంది. మా ఇంట్లో తెలుగు చదివేది ఆమె ఒక్కతే, కాబట్టి నేను రాసిన ఇది కూడా భూతద్దం పట్టుకుని నిదానంగా చదువుతుంది. ఇక్కడిదాకా వచ్చేసరికి నన్ను పిలుస్తుందో, పిలవదో.

అమ్మా, తాతయ్య నీ మాట కాదనలేదు. కళ్ళు తిరగ్గానే అడిగాడు. నా దగ్గరే లేవు.